ఆడవాళ్లు హాయిగా ఆడగలిగే గోల్ఫ్ కోర్సును ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్ఫ్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఆడవాళ్లను చాలామందిని చూశాను. ఆట రాక మానేసినవాళ్లు వాళ్లలో తక్కువ. కోర్సు తమ షాట్ దూరానికి మించి ఉండటం, అక్కడివాళ్ల మాట తీరు నచ్చకపోవడం ఎక్కువమందికి అడ్డయ్యాయి. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఆడుతున్నాను. కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదటిసారి వెళ్లే ముందు

గోల్ఫ్ స్టిక్ పట్టుకోవడం కూడా రాదు. నేరుగా కోర్సుకు వెళ్లవచ్చా?

ముందు డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లండి. అక్కడ ఒకేచోట నిలబడి బంతులు కొట్టుకుంటారు, వెనక ఎవరూ తొందరపెట్టరు. ఆ సంస్థ స్వభావం కూడా సగం అక్కడే తెలిసిపోతుంది. ఆడవాళ్ల కోసం చేసిన తేలికైన, పొట్టి స్టిక్కులు అద్దెకు ఉన్నాయా? కోచ్ మీతో మాట్లాడుతున్నారా, మీ వెంట వచ్చిన భర్తతోనో అన్నతోనో మాట్లాడుతున్నారా? ఈ రెండూ గమనించండి.

వృత్తి గోల్ఫర్ అదితి అశోక్ బెంగళూరులో ఐదేళ్ల వయసులో అమ్మానాన్నలతో టిఫిన్ చేస్తూ, ఎదురుగా కనిపించిన కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం చూసి ముచ్చటపడింది. ఇంట్లో ఎవరూ గోల్ఫ్ ఆడేవాళ్లు కారు. లోపలికి వెళ్లారు, పిల్లను ఆడనిచ్చారు. ఆ పిల్లే 2016లో మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో తల్లి క్యాడీగా, అంటే బ్యాగు మోస్తూ సాయపడే తోడుగా, వెంట నడవగా నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజు గేటు దగ్గర "పిల్లలకు ప్రవేశం లేదు" అని ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ ఆడవచ్చు? వాటిలో ఆడవాళ్లకు ఏది మంచిది?

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా ప్రాకారాల మధ్య హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది. గచ్చిబౌలి వైపు బండరాళ్ల నడుమ బౌల్డర్ హిల్స్, సికింద్రాబాద్‌లో సైన్యం నిర్వహించే కోర్సు, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నాయి. సభ్యులు కానివాళ్లను ఏ రోజుల్లో రానిస్తారో ఫోన్ చేసి కనుక్కోండి. సైనిక ప్రాంతంలోని కోర్సుకైతే ముందస్తు అనుమతి, గుర్తింపు కార్డు సంగతి కూడా అడగండి.

వీటికి నేను ర్యాంకులు ఇవ్వను. కమిటీ మారినా, క్యాడీలను పురమాయించే క్యాడీ మాస్టర్ మారినా ఒకే కోర్సులో ఆదరణ మారిపోతుంది. పోయిన ఏడాది ఎవరో చెప్పిన మాట కన్నా ఈ వారం మీరు స్వయంగా అడిగి తెలుసుకున్నది నమ్మండి.

వెళ్లకముందే, ఫోన్లోనే కోర్సు తీరు ఎలా తెలుసుకోవాలి?

నేను అడిగేవి నాలుగు ప్రశ్నలు. అన్నిటికన్నా ముందున్న టీ నుంచి 18 హోల్స్ మొత్తం ఎన్ని గజాలు (టీ అంటే ఒక్కో హోల్‌లో గుంత వైపు మొదటి షాట్ కొట్టే చోటు)? కోర్సు మధ్యలో ఆడవాళ్ల టాయిలెట్ ఏ హోల్ దగ్గర ఉంది? శని, ఆదివారాల్లో ఉదయం ఆడవాళ్లకు స్లాట్ ఇస్తారా? ఆడవాళ్ల సెట్ అద్దెకు దొరుకుతుందా?

జవాబులన్నీ వెంటనే రాకపోయినా ఫరవాలేదు. "కనుక్కుని చెబుతాను మేడమ్" అని, నిజంగానే తిరిగి ఫోన్ చేసినవాళ్లను నమ్మవచ్చు. "సార్ పేరు మీద బుక్ చేయమంటారా?" అన్నది మొదటి మాటగా వచ్చిందంటే, ఒంటరిగా వచ్చే మహిళను వాళ్లు ఎక్కువగా చూడలేదని అర్థం. అలాంటి చోట మొదటి ఆట ఆడవద్దని నా సలహా. కాస్త అనుభవం వచ్చాక వెళ్లండి.

చుడీదార్ వేసుకుని ఆడవచ్చా?

ఏ దుస్తులు వేసుకోవాలో గోల్ఫ్ నియమావళి చెప్పదు, ఎవరి కట్టుబాటు ఆ క్లబ్బు పెట్టుకుంటుంది. చాలాచోట్ల కాలర్ ఉన్న చొక్కా, ప్యాంటు లేదా మోకాలి దాకా స్కర్టు అడుగుతారు. జీన్స్, గుండ్రటి మెడ టీషర్టు వద్దంటారు. చుడీదార్ గురించి కొన్ని క్లబ్బుల నిబంధనల్లో ఒక్క ముక్కా ఉండదు. అడిగితే కాదనకపోవచ్చు, కానీ గేటు దగ్గర తేల్చుకునే విషయం కాదిది. ముందే మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆటకు ఇబ్బంది చున్నీతోనే, స్వింగ్‌లో చేతులకు చుట్టుకుంటుంది.

## స్కోర్‌కార్డు చదివేటప్పుడు

ఎర్ర టీ ఉంటే ఆడవాళ్లకు అనువైన కోర్సు అన్నట్టే కదా?

కాదు. ఈ అపోహ వల్లే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఎర్ర గుర్తులు సాధారణంగా ముందున్న టీవి, తెల్లవి దాని వెనక టీవి. టీ రంగు చూడవద్దు, దూరం చూడండి.

కోర్సుల కష్టాన్ని కొలిచే రేటింగ్ పద్ధతిలో మధ్యస్థంగా ఆడే మగవాళ్లు టీ నుంచి 200 గజాలు కొడతారని, 370 గజాల హోల్‌ను రెండు షాట్లలో చేరతారని లెక్క వేస్తారు. అదే స్థాయిలో ఆడే ఆడవాళ్లకు ఆ లెక్క 150 గజాలు, 280 గజాలు. ఇప్పుడు మీ చేతిలోని కార్డు తీసి పార్ 4 హోల్స్ (నాలుగు షాట్లలో ముగించాలని లెక్క వేసినవి) చూడండి. తెల్ల టీ నుంచి 370 ఉన్న హోల్ ఎర్ర టీ నుంచి 340 ఉందనుకోండి. అతను రెండో షాట్‌కు గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద ఉంటాడు. మీరు రెండూ చక్కగా కొట్టినా ఇంకా 60 గజాల వెనక ఉంటారు. ఇలా పది హోల్స్ జరిగితే "నాకు ఈ ఆట రాదు" అనిపిస్తుంది. తప్పు ఆ ముప్పై గజాల తేడాలో ఉంది, మీలో లేదు.

నేను ఆడటం మొదలుపెట్టిన కొత్తలో ఒక కోర్సులో ఎర్ర టీ అంటే బగ్గీ దారి పక్కన బోడి నేల మీద పెట్టిన రెండు గుర్తులే. గడ్డి లేదు, చదును లేదు. బంతి నిలబెట్టే చిన్న పుల్ల, టీ పెగ్, దిగక మడమతో తొక్కి దించాల్సి వచ్చింది. ముప్పై అడుగుల వెనక తెల్ల టీ మీద గడ్డి తివాచీలా ఉంది. కార్డు మీద మాత్రం రెండు టీలూ సమానంగానే అచ్చయ్యాయి. అందుకే వీలైతే ముందురోజు వెళ్లి మొదటి రెండు మూడు టీలు కళ్లారా చూసి రండి.

నా షాట్ దూరానికి ఎన్ని గజాల కోర్సు సరిపోతుంది?

అమెరికాలో గోల్ఫ్ సంఘాలు 2011లో ఆటగాళ్లను ముందు టీల నుంచి ఆడమని ప్రోత్సహిస్తూ ఒక పట్టిక ఇచ్చాయి. దాని ప్రకారం డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే స్టిక్‌తో, 150 గజాలు కొట్టేవాళ్లకు 18 హోల్స్ కలిపి 3,500 నుంచి 3,700 గజాలు చాలు. 175 గజాలు కొడితే 4,400 నుంచి 4,600, 200 గజాలు కొడితే 5,200 నుంచి 5,400. కోచ్‌లు చెప్పే ఇంకో సులువైన లెక్క ఉంది. మీ 5 ఐరన్ (ఐరన్ అనే లోహపు స్టిక్కుల్లో 5 నంబరుది) దూరాన్ని 36తో గుణించండి. వంద గజాలు వెళ్తే 3,600.

అన్నిటికన్నా ముందున్న టీ నుంచి మొత్తం 5,500 గజాలు దాటితే కొత్తవాళ్లు ఆ కోర్సులో తొమ్మిది హోల్స్‌తో సరిపెట్టుకోండి. లేదా ఫెయిర్‌వేలో (టీకి, గ్రీన్‌కు మధ్య ఉండే కత్తిరించిన గడ్డి దారిలో) గ్రీన్‌కు 150 గజాల దూరం చూపే గుర్తు ఉన్నచోట బంతి పెట్టుకుని అక్కడినుంచి ఆడండి. స్నేహపూర్వక ఆటలో ఎవరూ తప్పు పట్టరు.

నీళ్లు, లోయ దాటాల్సిన హోల్స్ ఉంటే ఆ కోర్సు మానేయాలా?

ఒకటి రెండు ఉంటే ఆటకు అందమే. ముందు టీ నుంచి కూడా బంతి నేలకు తగలకుండా 100 గజాలకు మించి ఎగరాల్సిన హోల్స్ నాలుగైదు ఉంటే, 150 గజాలు కొట్టేవాళ్లకు అది శిక్షే. ఆ 150లో కొంత దూరం బంతి దొర్లినదే కదా. పక్కనుంచి తిరిగి వెళ్లే ఫెయిర్‌వే, లేదా నీళ్లకు అవతల డ్రాప్ జోన్ (బంతి పోతే మళ్లీ వేసుకుని ఆడే చోటు) ఉందేమో అడగండి.

కార్డు మీద రేటింగ్, స్లోప్ అని ఉంటాయి. అవి చూడాలా?

హ్యాండిక్యాప్, అంటే మీ ఆట స్థాయిని చూపే అంకె, కావాలంటే తప్పకుండా చూడాలి. 2020 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఒకే టీకి ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు రేటింగ్ ఉంటుంది. నిపుణులతో పోలిస్తే మామూలు ఆటగాళ్లకు కోర్సు ఎంత ఎక్కువ కష్టమో చూపే అంకె స్లోప్. అది 55 నుంచి 155 వరకు ఉండవచ్చు, 113ను ప్రామాణికంగా తీసుకుంటారు. కార్డు మీద ఆడవాళ్ల అంకెలు లేకపోతే మీ స్కోరుకు సరైన లెక్క కట్టలేరు. అలాంటి కోర్సు పోటీలో "ఆడవాళ్లకు ఇన్ని షాట్లు వదిలేద్దాం" అని నోటి లెక్కలు వేస్తారు, గెలిచినా ఆ గెలుపు మీద గొణుగుడు తప్పదు. హ్యాండిక్యాప్ గరిష్ఠ పరిమితి ఇప్పుడు ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒక్కటే, 54.

## కోర్సులో ఉన్నప్పుడు

మధ్యలో టాయిలెట్ లేకపోతే ఏం చేస్తారు?

ఈ ప్రశ్నను గొంతు తగ్గించి అడుగుతారు. గట్టిగానే అడగాలి. 18 హోల్స్ అంటే నాలుగైదు గంటలు. ఎండలో నీళ్లు తాగక తప్పదు. టాయిలెట్ లేదని నీళ్లు తాగడం మానేసి, తలనొప్పితో ఇంటికి వెళ్లిన స్నేహితురాళ్లు నాకు ఉన్నారు. నెలసరి రోజుల్లో ఇంకా కష్టం.

ఒక కోర్సులో నేను ఏడో హోల్ దగ్గర టాయిలెట్ తలుపు తీయబోతే తాళం వేసి ఉంది. తాళం చెవి క్లబ్‌హౌస్‌లో క్యాడీ మాస్టర్ సొరుగులో ఉందట. ఆడవాళ్లు ఎప్పుడో గానీ రారు కాబట్టి తాళం వేశారట. క్యాడీ కుర్రాడు పాపం పరుగెత్తుకెళ్లి తెచ్చేసరికి పావుగంట పట్టింది, వెనక రెండు జట్లు మమ్మల్ని దాటి వెళ్లాయి. అప్పటినుంచి "టాయిలెట్ ఉందా" అని అడగడం మానేసి "తెరిచి ఉంటుందా, నీళ్లు వస్తాయా, చెత్తబుట్ట ఉందా" అని అడుగుతున్నాను. తొమ్మిదో హోల్ క్లబ్‌హౌస్ దగ్గరికి తిరిగొచ్చే కోర్సు అయితే సగం సమస్య తీరినట్టే.

ఒంటరిగా వెళ్తే క్షేమమేనా?

పగటిపూట, రద్దీ ఉన్న సమయంలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. చివరి స్లాట్ తీసుకోకండి. డిసెంబరులో హైదరాబాద్‌లో ఆరు గంటల లోపే సూర్యుడు అస్తమిస్తాడు, ఆఖరి హోల్స్ చీకట్లో పడతాయి. దూరపు హోల్స్‌లో ఫోన్ సిగ్నల్ ఉందా, కోర్సులో తిరిగే మార్షల్ ఉన్నారా, పార్కింగ్‌లో దీపాలు ఉన్నాయా అనేవి కనుక్కోండి. ఒక్కరే వెళ్తే ఇంకో జట్టుతో కలుపుతారు కాబట్టి, వీలైతే ఆడవాళ్లున్న జట్టుతో కలపమని బుకింగ్ అప్పుడే చెప్పవచ్చు. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

క్యాడీ నాకన్నా పక్కనున్న సార్ మాటే వింటున్నాడు. ఎలా?

మొదటి టీ దగ్గరే రెండు నిమిషాలు మాట్లాడండి. పేరు అడగండి. "డ్రైవర్ 150, 7 ఐరన్ 85 వెళ్తుంది, దూరం చెప్తే చాలు, స్టిక్ నేనే తీసుకుంటాను" అని మీ లెక్క చెప్పండి. చాలామంది క్యాడీలు రోజంతా మగవాళ్ల బ్యాగులే మోస్తారు, 120 గజాలు అనగానే అలవాటు కొద్దీ 9 ఐరన్ చేతికిస్తారు. అందులో చిన్నచూపు ఉండదు. చెబితే మూడో హోల్‌కల్లా సర్దుకుంటారు. నాకు గ్రీన్ వాలు చదవడం నేర్పింది అలాంటి ఒక పెద్దాయనే, మోకాళ్ల మీద కూర్చుని అరచేతితో గడ్డి నిమిరి చూపించేవాడు. ఆయన "అమ్మా" అని పిలిచేవారు, నేను "బాబాయ్" అనేదాన్ని.

తోటి ఆటగాళ్లు అడగకుండా సలహాలు ఇస్తుంటే ఏమనాలి?

గోల్ఫ్ నియమావళిలోని 10.2 నియమం మీకు అండగా ఉంది. పోటీలో మీ క్యాడీ, మీ జతగాడు తప్ప ఇంకెవరూ మీకు ఆట గురించి సలహా ఇవ్వకూడదు. ఇస్తే ఆ ఇచ్చినవాళ్లకు రెండు షాట్ల పెనాల్టీ. హోల్ హోల్‌కు గెలుపోటములు తేల్చే మ్యాచ్ ప్లేలో అయితే ఆ హోల్ పోయినట్టే. మామూలు ఆటలో అయితే "ఇవాళ లెక్క పెట్టుకుంటూ ఆడుతున్నానండి, ఆట అయ్యాక అడుగుతాను" అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఆడవాళ్లు నెమ్మదిగా ఆడతారని, జట్లను వరుసగా పంపే స్టార్టర్ మమ్మల్ని వెనక్కి నెడుతున్నారు. నిజంగా మేము నెమ్మదేనా?

వేగానికి, ఆడా మగా తేడాకు సంబంధం లేదు. షాట్‌కు 40 సెకన్లు, పోయిన బంతి వెతకడానికి మూడు నిమిషాలు అన్నవి అందరికీ ఒకటే. దూరానికి మించిన టీ నుంచి ఆడితే ఎవరైనా ఆలస్యమవుతారు. 250 గజాలు కొట్టలేని మగవాళ్లు వెనక టీ నుంచి ఆడి పొదల్లో బంతులు వెతకడం నేను ప్రతి ఆదివారం చూస్తాను. సరైన టీ ఎంచుకోండి, ముందు జట్టుకు దగ్గరగా ఉండండి. మీ వంతు స్లాట్‌ను మాత్రం వదులుకోకండి.

## సభ్యత్వం తీసుకునేటప్పుడు

భర్త పేరు మీద సభ్యత్వం ఉంటే చాలదా?

ఆడుకోవడానికి చాలు. హక్కులకు చాలదు. దరఖాస్తుపై సంతకం పెట్టేముందు నియమావళి ప్రతి అడిగి తీసుకుని నాలుగు విషయాలు చూడండి. భార్యగా చేరినవాళ్లకు ఓటు ఉందా? కమిటీకి పోటీ చేయవచ్చా? విడాకులు తీసుకున్నా, భర్త పోయినా సభ్యత్వం ఏమవుతుంది? కొడుక్కీ కూతురికీ ఒకే నిబంధనా, లేక పెళ్లయ్యాక కూతురి పేరు తీసేస్తారా?

భర్త పోయిన ఏడాది తర్వాత, ఇరవై ఏళ్లుగా ఆడుతున్న క్లబ్బులో కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చిన ఒక పెద్దావిడ నాకు తెలుసు. డబ్బు కన్నా ఆ ఫారంలో "మిమ్మల్ని సిఫారసు చేసే సభ్యులు" అన్న గడి నింపడమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. ఇద్దరూ ఆడేవాళ్లయితే, స్థోమత ఉంటే, ఎవరి సభ్యత్వం వారి పేరు మీద తీసుకోండి.

వారంలో ఒక రోజు "లేడీస్ డే" ఉంది. అది మంచి గుర్తా?

ఆరోజు ఆడవాళ్లకు ప్రత్యేకంగా స్లాట్లు ఇచ్చి, మిగతా రోజులూ సమానంగా ఆడనిస్తే మంచిదే. కొత్తవాళ్లకు తోడు దొరుకుతుంది. మంగళవారం ఉదయం మాత్రమే ఇచ్చి, శని ఆదివారాలు మగవాళ్లకు అట్టేపెడితే ఉద్యోగం చేసే మహిళకు ఆ క్లబ్బు మూసినట్టే. వారాంతం ఉదయం ఎనిమిదికి వెళ్లి మొదటి టీ దగ్గర ఒక గంట కూర్చోండి. ఎంతమంది ఆడవాళ్లు బయల్దేరారో లెక్కపెట్టుకోండి.

పేరున్న పాత క్లబ్బులు ఆడవాళ్లను నిజంగా చేర్చుకుంటాయా?

పేరుకు, ఆదరణకు పొత్తు లేదు. అమెరికాలో అగస్టా నేషనల్ క్లబ్ తొలి మహిళా సభ్యులుగా మాజీ విదేశాంగ మంత్రి కండోలీజా రైస్, వ్యాపారవేత్త డార్లా మూర్‌లను 2012లో చేర్చుకుంది. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్ 2014లో ఓటు వేసి తలుపు తెరిచింది. స్కాట్లాండ్‌లోనే మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ 2016లో మహిళలకు సభ్యత్వం నిరాకరించింది. బ్రిటన్‌లో జరిగే పెద్ద పోటీ ఓపెన్ ఛాంపియన్‌షిప్ వేదికల జాబితా నుంచి ఆ కోర్సును వెంటనే తొలగించారు. 2017లో మళ్లీ ఓటు పెట్టి ఒప్పుకున్నారు, 2022లో మహిళల ఓపెన్ అక్కడే జరిగింది.

అదే సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే ఆడవాళ్లకు సొంత పుటింగ్ (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే ఆట) క్లబ్ ఏర్పడింది. అంటే ఆడాలన్న కోరిక కొత్తది కాదు. మన దగ్గర పాత క్లబ్బులో చేరేటప్పుడు కమిటీ సభ్యుల పేర్ల బోర్డు చూడండి. గత పదేళ్లలో అందులో ఎన్ని మహిళల పేర్లు ఉన్నాయో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

## ఊరు దాటి ఆడేటప్పుడు

అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ ఆడవచ్చా?

నిక్షేపంగా. నగరాలు, కౌంటీలు నడిపే ప్రజా కోర్సుల్లో సభ్యత్వం అవసరం లేదు. ముందుగా స్లాట్ తీసుకుని రుసుము కడితే చాలు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో వృత్తి గోల్ఫ్ శిక్షకుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. 2025 మహిళల పీజీఏ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. పెద్ద కోర్సు మాట అటుంచండి, అక్కడే పది హోల్స్ ఉన్న చిన్న పార్ 3 కోర్సు ఉంది, రాత్రి దీపాల వెలుతురులో కూడా ఆడవచ్చు. తల్లీకూతుళ్లు కలిసి మొదటిసారి ఆడాలంటే అలాంటి చిన్న కోర్సులే వెతకండి.

థాయ్‌లాండ్‌కు ఆడవాళ్లమే ఒక జట్టుగా వెళ్లాలని ఉంది. ఎలా ఉంటుంది?

అక్కడ క్యాడీల్లో అత్యధికులు మహిళలే, చాలా కోర్సుల్లో క్యాడీని తీసుకోవడం తప్పనిసరి. నాకు ఆ ప్రయాణంలో దక్కిన నిశ్చింత ఇంకెక్కడా దక్కలేదు. క్యాడీకి ఇచ్చే టిప్పు ముందే లెక్కలో వేసుకోండి, అదే వాళ్ల జీవనాధారంలో పెద్ద భాగం.

## ఇబ్బంది ఎదురైనప్పుడు

ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలి?

వెంటనే మార్షల్‌కు లేదా క్లబ్‌హౌస్‌కు ఫోన్ చేసి, ఆట ఆపి వచ్చేయండి. తర్వాత తేదీ, సమయం, హోల్ నంబరు రాసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు చేసే మహిళ అక్కడ ఉద్యోగి కానవసరం లేదని చట్టమే చెబుతోంది. గడువు మూడు నెలలు. కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద కనిపించేలా పెట్టిన క్లబ్బు అయితే, చేరే ముందే దానికి ఒక మంచి మార్కు వేసుకోండి.

ఊళ్లో ఒకటే కోర్సు. ముందు టీలు సరిగ్గా లేవు. వేరే దారి ఉందా?

అడిగి మార్పించుకోవడమే. కొత్త టీ కట్టమంటే ఖర్చు అంటారు. అందుకని ఖర్చు లేనిది అడగండి: ఫెయిర్‌వే మొదట్లో చదునైన చోట గుర్తులు పెట్టి, ఆ దూరాలతో కార్డు మళ్లీ అచ్చువేయమనండి. "ఆడవాళ్ల టీ" అనే పేరు పెట్టనివ్వకండి. వయసు మళ్లిన మగవాళ్లు, పిల్లలు కూడా అక్కడినుంచి ఆడటానికి ముందుకొస్తారు. అర్జీ మీద వాళ్ల సంతకాలూ తీసుకోండి.

మేము అలాగే చేశాం. పదిహేడు మంది ఆడవాళ్లం, డెబ్బై దాటిన ఆరుగురు పెద్దవాళ్లు సంతకాలు పెట్టాం. ఎనిమిది నెలలు తిరిగాక ఎనిమిది హోల్స్‌లో గుర్తులు ముందుకు జరిగాయి. నాలుగో హోల్ 345 గజాల నుంచి 270కి వచ్చింది. ఆ ఆదివారం, ఆరేళ్లుగా నాతో ఆడుతున్న స్నేహితురాలు ఆ హోల్‌లో రెండో షాట్‌కే గ్రీన్ చేరింది. గ్రీన్ మీద బంతిని దొర్లించే స్టిక్, పుటర్, అందుకోకుండా కాసేపు అలాగే నిలబడి, వెనక్కి తిరిగి టీ వైపు చూసింది.